మెరిసే ఫోటోలతో పాటు కారు అడుగు కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్లను ఇంట్లోనే బాగు చేసుకునేవాళ్ల గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆరేళ్లుగా నా సెలవు రోజులన్నీ ఆ పనికే పోతున్నాయి కాబట్టి ఆ విషయం కనిపిస్తే వదలలేను. వ్యాసం రాసినవారికి ఈ కార్లంటే నిజమైన ఇష్టం ఉంది, అది చదువుతుంటేనే తెలుస్తోంది. కానీ ఒక పేజీలో తుప్పు పట్టిన బండి, ఎదురు పేజీలో అద్దంలా మెరిసే అదే బండి వేసి, ఆ రెండు ఫోటోల మధ్య ఏం జరిగిందో ఒక్క వాక్యంలో తేల్చేశారు. అసలు పనంతా అక్కడే ఉంది. ఆ వ్యాసం చూసి ఎవరైనా ఉత్సాహంగా ఒక పాత కారు కొనుక్కుని, రెండు సెలవు రోజుల్లో దాన్ని మొత్తం విప్పేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఎందుకంటే నేను చేసింది సరిగ్గా అదే. కదిలే స్థితిలో ఉన్న కారును ఒకేసారి విప్పకండి, బ్రేకులతోనూ అడుగు భాగంతోనూ మొదలుపెట్టండి, రంగు జోలికి ఆఖర్న వెళ్లండి అని చెప్పడానికే ఈ ఉత్తరం.

నాది 1969 నాటి ఎంజీబీ, పైకప్పు తీసేసుకునే రెండు సీట్ల కారు. ఈ మోడల్ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైంది. వెనక తలుపున్న జీటీ రకం కూడా కలుపుకుంటే మొత్తం ఐదు లక్షలకు పైనే వచ్చాయి. 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. అరుదైన బండి కాదు, వేలం పాటల్లో పోటీ పడి కొనే బండి అంతకన్నా కాదు. ఇంట్లో రిపేరు చేసుకునేవాడికి అదే పెద్ద వరం. దాదాపు ప్రతి పార్టూ ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో పాత అచ్చులనే మళ్లీ బయటికి తీసి ఈ కారు బాడీని మొత్తంగా కొత్తది తయారు చేయడం మొదలుపెట్టింది. మొదటిసారి ఈ పనిలోకి దిగేవాళ్లు కారు అందం చూసి మనసు పారేసుకునే ముందు, దాని బ్రేక్ సిలిండరూ తలుపు రబ్బరూ వంటివి ఎక్కడైనా దొరుకుతున్నాయో లేదో కనుక్కోవాలి. దొరకని ఒక్క చిన్న పార్టు కోసం ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిపోయిన కార్లను నేను చూశాను.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ కారు నడిచేది. పొగ వచ్చేది, బ్రేకు ఒక పక్కకు లాగేది, వర్షం పడితే కాళ్ల దగ్గర నీళ్లు చేరేవి, కానీ నడిచేది. అదే నేను సరిగ్గా అర్థం చేసుకోలేకపోయాను. అంతా విప్పి, శుభ్రం చేసి, రంగు వేసి, మళ్లీ బిగిస్తే కొత్తదైపోతుంది కదా అనుకున్నాను. బోల్టులన్నీ డబ్బాల్లో వేశాను. ఏది ఎక్కడిదో గుర్తుంటుందిలే అన్న ధీమా. నెల రోజుల పాటు గుర్తుంది కూడా. ఆ తర్వాత ఆఫీసు పనులు మీదపడ్డాయి, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగా లేకపోయింది, ఎనిమిది నెలల తర్వాత మళ్లీ షెడ్డు తలుపు తీసి చూస్తే ఒక్క డబ్బాలోని వస్తువూ నాతో మాట్లాడలేదు. ఒకే మందం ఉన్న బోల్టులు నాలుగు రకాల పొడవుల్లో ఉన్నాయి. పొడవు తేడా ఉన్న బోల్టును తప్పు చోట బిగిస్తే అది లోపల ఇంకో దాన్ని తాకి విరగ్గొట్టవచ్చు. కారు నడుస్తున్నంత కాలం దాని మీద ఆసక్తి తగ్గదు, ఒక్కసారి ముక్కలైతే అది ఇంట్లో చోటు తినే సామాను అయిపోతుంది, ఇంట్లోవాళ్లకూ అలాగే కనిపిస్తుంది. సగంలో ఆగిపోయిన కార్లు అమ్మకానికి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఈ దశలోనే.

తర్వాత నేర్చుకున్న పద్ధతి చాలా మామూలుది. ఒకసారికి ఒకే పని. బ్రేకులైతే బ్రేకులే, అవి పూర్తయి కారు ఇంటి ముందు ఒక చుట్టు తిరిగి వచ్చాకే రెండో పని. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీయాలి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. దగ్గరి ఫోటో ఒక్కటే ఉంటే ఆ బోల్టు కుడి వైపుదా ఎడమ వైపుదా అన్నది ఏడాది తర్వాత తెలియదు. పార్టు తీసేశాక దాని బోల్టులను మళ్లీ వాటి రంధ్రాల్లోనే చేత్తో రెండు చుట్లు తిప్పి వదిలేస్తే అంతకన్నా మంచి లేబుల్ లేదు. అలా కుదరని చోట చిన్న కవర్లో వేసి, లోపల కాగితం మీద పెన్సిల్‌తో రాయాలి. పెన్సిల్ అని ఎందుకంటున్నానంటే నూనె తగిలితే పెన్ను రాత చెరిగిపోతుంది.

ఇక అడుగు భాగం. నా ఉత్తరంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. ఎంజీబీకి కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు లేని కారు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి ఉంచే బలమంతా తలుపుల కింద ఉండే సిల్స్ మీద పడుతుంది. బయటికి ఒకటే రేకులా కనిపించే ఆ సిల్ నిజానికి మూడు పొరలు: బయటి రేకు, మధ్యలో ఒక పలక, లోపల అడుగున పొడవునా సాగే ఒక పట్టీ. చక్రాల నుంచి చిమ్మిన బురద, తలుపు లోంచి కారిన నీళ్లు ఈ పొరల మధ్య చేరతాయి. నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోతే తడి అక్కడే నిలిచి తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. అంటే బయటి రంగు మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపలి పొరలో తినేయడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

నా కారులో ఆ బుడగ కూడా కనిపించలేదు. నాకన్నా ముందు ఎవరో దాన్ని ఒక వర్క్‌షాపులో రిపేరు చేయించారు. అక్కడ కుళ్లిపోయిన సిల్ మీద కొత్త రేకు కప్పి, పైన పుట్టీ పెట్టి, నున్నగా రంగు కొట్టారు. అయస్కాంతం తెచ్చి ఆనిస్తే, పైన మందంగా ఉన్నది పుట్టీ కాబట్టి, అంటుకోకుండా జారిపోయింది. స్క్రూడ్రైవర్ మొనతో అడుగున నొక్కితే లోపలికి దిగిపోయింది. ఇది తెలియక ముందు ఆ కారులో నా కూతుర్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లాను. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆ రంగు కొట్టినవాళ్ల మీద ఇప్పటికీ కోపం వస్తుంది. పాత కారు కొనేవాళ్లు ఒక అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. జాకీ ఎత్తే చోట అడుగు భాగాన్ని వేళ్లతో నొక్కి చూడండి. కారు జాకీ మీదికి లేచినప్పుడు తలుపు పట్టేస్తుంటే, దింపగానే మామూలుగా తెరుచుకుంటుంటే, బాడీ వంగుతోందని అర్థం. అప్పుడు రంగు ఎంత బాగున్నా ఆ కారు నడపకూడదు.

సిల్స్ మార్చేటప్పుడు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. తలుపు సందుకు అడ్డంగా ఇనుప గొట్టం వెల్డింగ్ చేసి బాడీని బిగించకుండానే పాత సిల్ కోసేశాను. కోసిన గంటలోనే తలుపు వెనక అంచు దగ్గర సందు మూసుకుపోయింది, నడుము వంగినట్టు కారు మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగింది. అలాగే వెల్డింగ్ చేసి ఉంటే ఆ తలుపు జీవితంలో సరిగా పడేది కాదు. మళ్లీ మొదటికి వచ్చి, బరువు చక్రాల దగ్గర పడేలా స్టాండులు సర్ది, గొట్టాలు అడ్డం పెట్టి, తలుపును బిగించి సందు కొలుచుకుంటూ పని చేస్తే రెండో పక్క మొదటిసారికే కుదిరింది. రేకు ఒక మిల్లీమీటరు మందమే ఉంటుంది కాబట్టి ఒకే గీతలా వెల్డింగ్ చేస్తే వేడికి మెలి తిరుగుతుంది. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క దూరంగా, చల్లారాక మధ్యలో, అలా ఓపిగ్గా చేయాలి. అంతా అయ్యాక సిల్ లోపల మైనం లాంటి తుప్పు నిరోధకం కొట్టి, నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉన్నాయో లేదో చూసుకోవాలి. మూసేస్తే మళ్లీ పాత కథే.

వెల్డింగ్ గురించి ఇంకొక్క మాట, ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. పెట్రోల్ ట్యాంకు కారులోంచి తీసి దూరంగా పెట్టాకే నిప్పురవ్వలు వచ్చే పని మొదలుపెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవడం ఇంకా ప్రమాదం, లోపల ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, ఒక్క రవ్వ చాలు. ట్యాంకుకు కన్నం పడితే ఇంట్లో అతుకు వేయకండి, కొత్తది కొనండి. బ్రేకులు శుభ్రం చేసే స్ప్రేలలో కొన్నింటిలో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి. వాటితో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. ఇక జాకీ అన్నది ఎత్తడానికి మాత్రమే. దాని మీద ఆగిన కారు కిందికి తల పెట్టవద్దు, స్టాండులు పెట్టి, కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి.

బ్రేకులకు వద్దాం. అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే గ్లైకాల్ ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడవాటి దిగుడులో బ్రేకు నొక్కుతూ వస్తే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు, ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ నేలకు దిగిపోతుంది. అందుకే కారు నడిచినా నడవకపోయినా రెండేళ్లకోసారి మార్చేయాలి. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. నా కారు ఒక పక్కకు లాగడానికి కారణం వెతకడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది. డిస్కులు చూశాను, ప్యాడ్లు మార్చాను, పిస్టన్లు విప్పి కడిగాను. చివరికి తేలింది ఏమిటంటే రబ్బరు గొట్టం లోపలి వైపు ఉబ్బిపోయి, కాలి ఒత్తిడికి ద్రవాన్ని పోనిస్తోంది గానీ పెడల్ వదిలాక తిరిగి రానివ్వడం లేదు. బయటికి చూస్తే ఆ గొట్టం మీద ఒక్క పగులు లేదు. వయసు తెలియని రబ్బరు గొట్టాలు ఏవైనా సరే, చూడ్డానికి ఎంత బాగున్నా మార్చేయండి.

బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. నా కూతురు లోపల కూర్చుని పెడల్ తొక్కేది, నేను కింద చక్రం దగ్గర గాలి బయటికి వదిలే చిన్న మర, అంటే నిపిల్, విప్పేవాణ్ని. "నొక్కమ్మా", "నొక్కాను నాన్నా", "అలాగే పట్టుకో", "పట్టుకున్నా", ఆ తర్వాత నేను నిపిల్ బిగించాకే "వదులు". ఈ వరస తప్పితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పెడల్ నొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాం. అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్లు, ఇప్పుడు బ్రేకు డ్రమ్ము తనే విప్పుతుంది. పాత డ్రమ్ముల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి: ఆ కాలపు బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, లోపలి దుమ్మును గాలి గన్నుతో ఊదకూడదు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. మాస్కు వేసుకోవాలి. పిల్లలు పక్కన ఉంటే ఆ పని అప్పుడు వద్దు.

టైర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. అరగలేదు కదా అని పాత టైర్లు ఉంచుకోకండి. టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటే మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మూడే అంకెలుంటే అది 2000కు ముందు తయారైన టైరు. నా కారుకు మూడంకెల టైర్లే ఉన్నాయి, గళ్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి.

చాలా కాలం ఆగి ఉన్న ఇంజన్ దగ్గర ఆత్రం పనికిరాదు. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేస్తే సిలిండర్ గోడలకు అతుక్కున్న రింగులు విరగవచ్చు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో కాస్త నూనె పోసి, రెండు మూడు రోజులు వదిలేసి, చేత్తో నెమ్మదిగా తిప్పాలి. తేలిగ్గా తిరిగితే పాత ఆయిల్ తీసేసి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పుతూ ఆయిల్ ప్రెజర్ ముల్లు లేచేదాకా చూడాలి. ఆ తర్వాతే పెట్రోలు, అది కూడా ట్యాంకులోని పాతది కాదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచి పగలగొడుతుంది, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు దొరుకుతాయి, మొదటి రోజే వేయండి. సీసం కలిపిన పెట్రోలు 2021 తర్వాత ప్రపంచంలో ఎక్కడా కార్లకు అమ్మడం లేదు. ఆ సీసం వాల్వులు కూర్చునే చోటును అరగకుండా కాపాడేది. అందుకని ఎప్పుడైనా వాల్వులుండే ఇంజన్ పై భాగం, అంటే హెడ్, విప్పాల్సి వస్తే అప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకుంటే చాలు, దీనికోసమే బాగున్న హెడ్ విప్పక్కర్లేదు.

కార్బురేటర్ల మీద నేను ఒక వేసవి మొత్తం పోగొట్టుకున్నాను. కారు ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం, అంటే ఐడిలింగ్, ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం. మిశ్రమం స్క్రూలు తిప్పుతూనే ఉన్నాను. చివరికి ఒక పెద్దాయన, వయసులో ఉన్నప్పుడు ఇవే ఇంజన్ల మీద పని చేసిన మెకానిక్, వచ్చి స్క్రూ ముట్టుకోకుండా ముందు వాల్వుల సందు చూశారు, తర్వాత ప్లగ్గులకు కరెంటు వెళ్లేలా తెరుచుకుని మూసుకునే పాయింట్ల సందు 0.38 మిల్లీమీటర్లకు సరిచేశారు, ప్లగ్గులో రవ్వ పుట్టే టైమింగ్ చూశారు. ఆ తర్వాత కార్బురేటర్ పళ్లెం తిరిగే సన్నటి కడ్డీని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపారు. ఊగింది. "ఇక్కడ గాలి లాగుతోంది బాబూ, నువ్వు ఎంత తిప్పినా అది నిలబడదు" అన్నారు. కడ్డీలు, వాటి బుష్‌లు మార్చాక ఆ మధ్యాహ్నమే ఇంజన్ నిలకడగా నడిచింది. ఆయన చెప్పిన వరసనే నేను ఇప్పటికీ పాటిస్తున్నాను: వాల్వులు, పాయింట్లు, టైమింగ్, అన్నిటికన్నా చివర కార్బురేటర్.

కరెంటు పనుల్లోనూ ఇలాగే అనవసరంగా భయపడతాం. లైట్లు మసకగా ఉన్నాయి, ఇండికేటర్ నొక్కితే బ్రేక్ లైటు వెలుగుతోంది, వైరింగ్ మొత్తం మార్చాలి అని నాకు ఇద్దరు చెప్పారు. తీరా చూస్తే వెనక లైట్ల ఎర్త్ కనెక్షన్ తుప్పు పట్టింది, అంతే. ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగిస్తే సగం జబ్బులు పోయాయి.

ఇక రంగు, తళుకు. ముప్పై ఏళ్లు దాటిన వాహనాలను చారిత్రక వాహనాలుగా గుర్తించే ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య ఉంది, 1966లో ఏర్పడింది. టూరిన్ చార్టర్ పేరుతో వాళ్లు ఒప్పుకున్న నియమావళి కూడా ఉన్నదాన్ని కాపాడటానికే మొదటి చోటు ఇస్తుంది, మార్చేయడం తర్వాతే. నాకూ అదే సరైనది అనిపిస్తోంది. నా కారు డ్రైవర్ సీటు తోలు పగిలింది, పాత యజమానుల మోచేతులు ఆనిన చోట తలుపు అంచు రంగు అరిగింది. వాటిని అలాగే ఉంచాను. యాభై ఏళ్ల పాటు ఎవరెవరో ఆ కారును ఇష్టంగా వాడుకున్న గుర్తులు అవి, చెరిపేస్తే మళ్లీ ఎవరూ వేయలేరు. రంగు వేయించాల్సిన సిల్స్, కింది అంచుల పని మాత్రం బయట చేయించాను. రెండు భాగాలు కలిపి కొట్టే రంగుల్లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కు వాటిని ఆపదు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు కావాలి. షెడ్డులో చొక్కా కొంగు ముక్కుకు కట్టుకుని స్ప్రే కొట్టే వీడియోలు చూస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు కారు నడుస్తోంది. వారానికోసారి తెల్లవారుజామున బయటికి తీస్తాను. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీలు, అంటే కింగ్‌పిన్‌లకు ప్రతి మూడు వేల మైళ్లకు, అంటే దాదాపు 4,800 కిలోమీటర్లకు గ్రీజు పెట్టాలి, ఒక్కో పక్క మూడు గ్రీజు నిపిల్స్, చక్రాలు నేల మీద నుంచి లేపి పెడితేనే గ్రీజు అంతటా అందుతుంది. ఎడమ తలుపు ఇప్పటికీ కాస్త గట్టిగా వేయాలి, మొదట కోసిన పక్క అదే. ఈ నెల దాని కీళ్లు విప్పి చూద్దామని మా అమ్మాయి అంటోంది.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి వ్యాసాలు ఇంకా వేయండి, తప్పకుండా వేయండి, వాటిని చూసి కొత్తవాళ్లు ఈ పనిలోకి రావాలి. కానీ ఈసారి మీ ఫోటోగ్రాఫర్‌ను కారు ముందు నిలబడమనకుండా, స్టాండుల మీద ఉన్న కారు కింద పడుకుని సిల్స్ వెంబడి ఒక ఫోటో తీయమనండి. విప్పిన బ్రేకు గొట్టాన్ని నిలువునా చీల్చి లోపలి ఉబ్బు కనిపించేలా ఇంకొకటి. ఆ గొట్టం నేను పారేయలేదు, మీకు కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు